ఆగుబండ జమ్మెతల్లి

రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సరిహద్దు కొండల్లో, జీపు దిగి రెండు గంటలు ఎక్కితే, ఊరి ముందున్న ఆగుబండ వస్తుంది. భక్తులు ఇక్కడ కూర్చోవాలని నియమం. ఆయాసానికి ఎలాగూ కూర్చుంటారు, అది వేరే సంగతి. అమ్మవారు జమ్మెతల్లి బండకు బయటివైపున, ఊరికి వీపు పెట్టి, వచ్చేవారిని చూస్తూ ఉంటుంది.

పూర్వం ఈ ఊరు ముప్పై గడపలది. చుట్టం వస్తే సొరబుర్రలో జీలుగుకల్లు నింపి, అతడు ఒక గుక్క తాగాక అదే బుర్రను ఇంటింటికీ తిప్పేవారు. తాగకపోతే మర్యాద తప్పినట్టే. ఒక చలికాలం సంతనుంచి జ్వరంతో వచ్చిన చుట్టం తాగాడు, ఊరంతా తాగింది. రెండు నెలల్లో మశూచికి పదిహేడుగురు పోయారు. ఊరివారు కోళ్ళు కోశారు, మేకలు కోశారు. బుర్రను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

ఈ కొండల్లో పూజారిని ఎజ్జోడంటారు. ఊరిదేవత నాటి ఎజ్జోడు సోంబుడి కలలోకి వచ్చి కసిరింది. "నాకు కోళ్ళెందుకురా! ఆ బుర్ర పగలగొట్టండి. వచ్చినోణ్ణి బండకాడ ఆపండి, పద్దెనిమిది పొద్దులు. ఆపినోణ్ణి పస్తుంచారో, నాను ఈ ఊళ్ళో ఉండను."

ఊరు ఒప్పుకుంది. మూడోనాడే జమ్మె అనే ఆవిడ తమ్ముడు లింగుడు, కింది ఊళ్ళో మశూచికి పోయిన తనవాళ్ళందరినీ మట్టిచేసి, ఒళ్ళు కాలిపోతూ ఎక్కి వచ్చాడు. తల్లిలేని అతణ్ణి చంకనేసుకుని పెంచింది జమ్మే. ఇప్పుడామె కొంగు పట్టుకుని ఇద్దరు పసివాళ్ళున్నారు. అందరూ ఆమె మొహమే చూశారు.

"ఏటప్పా, నన్నూ ఆపేత్తావా?" అన్నాడు లింగుడు అక్కను చూసి.

"నువ్వు రావద్దురా తమ్మీ. నానే వత్తాను."

పిల్లల్ని సోంబుడి భార్యకు అప్పగించి, అంబలి కుండతో జమ్మె బండ దాటింది. ఊరివారు రోజూ తిండి తెచ్చి బండమీద పెట్టి వెనక్కి తగ్గేవారు. నెల తిరిగేసరికి తమ్ముడు లేచాడు, అప్ప పడింది. పిల్లలు ఊరివైపునుంచి "అమ్మా" అని పిలిచినప్పుడల్లా పలికింది. ఓ నాడు పలకలేదు. ఊళ్ళో మాత్రం కొత్తగా ఒక్కరికీ పొక్కు లేవలేదు. లింగుడే అక్కను అక్కడ పూడ్చి రాయి నిలిపాడు; ఆ రాయే నేటి అమ్మవారు.

నేటికీ ఊరి ఆడవారు అడ్డాకు దొన్నెలో అంబలి తెచ్చి, బండమీద పెట్టి, దూరంగా నిలబడి "ఒళ్ళెలాగుంది బాబూ?" అని అడుగుతారు. జ్వరముంటే చెప్పాలి. అబద్ధమాడి దాటితే తల్లి క్షమిస్తుందేమో గానీ ఆ ఆడవారు క్షమించరు. జాతరలో టీకాలేసే నర్సమ్మ కూర్చునేదీ ఇక్కడే. నిజం చెప్పి ఆగినవారి ఇల్లు చల్లగా ఉంటుందని పెద్దల మాట.

జాతరనాడు జమ్మె వంశపు పిల్లలు బండ దాటి పరుగెత్తి అమ్మ ఒళ్ళో కూర్చుంటారు. వారిని ఎవరూ ఆపరు.