కుదుపు లేని పదకొండు సెకన్లు

కిన్నెర వీడియో తీస్తే బొమ్మ వణికేది.

కిందటి నెల కాలవగట్టు మీద సగం గుడిసెలు కూల్చిన రోజున మూడు గంటలసేపు తీసింది. కోర్టులో చూపిద్దామని తీసుకెళితే లాయరు పెదవి విరిచాడు. "ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలిసి చావట్లేదమ్మా. భూకంపం వచ్చినట్టుంది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇల్లు పోయినవాడికి మిగిలిన ఒకే ఒక్క సాక్షి కెమెరా. ఆ సాక్షే వణికితే ఇక బుల్డోజర్‌కు ఎదురేముంది?

రేపు పొద్దున మిగతా సగం కూల్చేస్తారు.

అందుకే నాలుగు రోజులు పట్టుబట్టి కూర్చుని, కెమెరాను భుజం మీద మోసే షోల్డర్ మౌంటును మార్చుకుంది. బరువంతా ముందుకే వాలుతోందని వెనక కొసకు రెండు కిలోల తూకపురాయి బిగించింది. భుజం మీద ఆనే చోట పాత స్కూటర్ సీటు స్పాంజి కుట్టింది. పొట్టకు ఆనుకునేలా ఒక ఇనపగొట్టం వంచి తగిలించింది. అదంతా మోసుకుని మస్తాన్ గారి గదికి వచ్చింది. నలభై ఏళ్ళుగా డాక్యుమెంటరీలు తీస్తున్న మనిషాయన. ఆమెకు ఈ పని నేర్పిందీ ఆయనే.

"దీని మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి మెట్లెక్కాను సార్. చుక్క తొణకలేదు. కెమెరా మన ఆయుధం. ఆయుధం పట్టిన చెయ్యి వణక్కూడదు. ఇప్పుడైనా రేపు నన్నొక్కదాన్నే పంపుతారా?"

"ఉపన్యాసం బాగుంది," అన్నాడాయన. "ముందు నన్ను తియ్యి. అటక మీద టేపుల పెట్టె ఉంది, దించుతాను."

ఆయన స్టూలెక్కాడు. కిన్నెర కెమెరా భుజానికెత్తుకుంది. బొమ్మ గోడకు కొట్టిన పటంలా నిలిచిపోయింది. ఆమె లోలోపల ఎగిరి గంతేసింది.

స్టూలు ఒరిగింది.

అరవై నాలుగేళ్ళ మనిషి దబ్బున నేల మీద పడ్డాడు. కిన్నెర మోకాళ్ళు వాటంతటవే వంగాయి. ఆయనతోపాటే ఫ్రేము కూడా మెత్తగా కిందికి దిగింది. ఆయన ఆమె వైపు చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతి మీద ఫోకస్ పెట్టింది.

చివరికి ఆయనే గోడ ఆసరాతో లేచాడు. "ఏదీ, చూపించు."

ఇద్దరూ చూశారు. పడ్డప్పటినుంచీ లేచేదాకా పదకొండు సెకన్లు.

"ఒక్క కుదుపు లేదు సార్!"

"మళ్ళీ వెయ్యి."

రెండోసారి ఆమె తెర మీదికి వంగి చూసింది. అంతా ఎంత స్పష్టంగా ఉందని! చీరుకుపోయిన మోచెయ్యి. గచ్చు మీద రక్తం. గాలిలో చాచిన అయిదు వేళ్ళు. వాటికి రెండడుగుల దూరంలో, కదలకుండా, కెమెరా వెనక తను.

మూడోసారి తనే వేసింది. ఈసారి ఆయన స్టూలెక్కినప్పటి నుంచీ వేసింది.

అటక అంచును ఆయన చెయ్యి గట్టిగానే పట్టుకుని ఉంది. ఆయన ఒక్కసారి తల తిప్పి ఆమెను చూశాడు. కాలితో స్టూలును పక్కకు నెట్టాడు. చెయ్యి వదిలేశాడు.

కిన్నెర వీడియో ఆపేసింది.

"కావాలనే పడ్డారా సార్?"

మస్తాన్ గారు మోచేతికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"నువ్వు పట్టుకుంటావనుకుని పడ్డానమ్మా."