పాత కేబులుకు తెలిసిన దారి

గోదావరి పాయ నడుమ గడ్డిలంకలో లోవరాజు అనే పడవ సరంగు ఉండేవాడు. అతనికి చేతిలో పని ఉండేది గానీ చెవిలో ఒకరి మాట పడేది కాదు.

అతని మేనమామ గవరయ్య నలభై ఏళ్లు లాంచీలు నడిపిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక పని మానుకుని రోజూ రేవులో కూర్చునేవాడు. గవరయ్య కుర్రతనంలో సరంగు ముందు నిలబడి గంట కొడితే, వెనక ఇంజను దగ్గరున్నవాడు ఆ గంటలు లెక్కపెట్టి గేరు వేసేవాడు. ఒక గంటకు ముందుకు, రెండు గంటలకు వెనక్కి. వెనకవాడికి కాస్త చెవుడుంటే లాంచీ నేరుగా గట్టెక్కేది. ఆ ముచ్చట అలా ఉంచితే, ఇప్పుడు ఆ గంట పనిని రెండు కేబుళ్లు చేస్తున్నాయి.

లోవరాజు పడవలో చుక్కాని చక్రం దగ్గర నుంచి ఇంజను దాకా చెక్కల కింద ఒక ఇనుప గొట్టం రెండు మలుపులు తిరిగి వెళ్లేది. గేరు కేబులూ, వేగం పెంచే కేబులూ రెండూ అందులోనే. ఆ ఏడు రెండూ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. గేరు మార్చాలంటే రెండు చేతులూ పెట్టి గుంజాల్సి వచ్చేది. లోవరాజు కాకినాడ వెళ్లి కొత్తవి తెచ్చాడు.

లంకలో పాలన్నీ పొద్దున్న పది గంటలకల్లా అవతలి ఒడ్డున పాలకేంద్రానికి చేరాలి. ఆలస్యమైతే ఎండకు విరిగిపోతాయి, విరిగిన పాలు వాళ్లు తీసుకోరు.

"ఏడింటికి కేబుళ్లు మార్చడం మొదలెడితే ఎనిమిదిన్నరకి అయిపోద్ది. మీ పాలకి నాది పూచీ" అని లోవరాజు ముందురోజే అందరికీ మాట ఇచ్చాడు.

తెల్లారింది. రెండు వైపులా బిగింపులు విప్పి, పాత గేరు కేబులు కొస పట్టుకున్నాడు. ఒడ్డు మీంచి గవరయ్య, "ఒరే లోవరాజూ, లాగేముందు దాని కొసకి..." అన్నాడు.

"మావయ్యా, నీకెందుకీ గొడవ? హాయిగా చుట్ట కాల్చుకో."

గవరయ్య చుట్ట వెలిగించుకున్నాడు. లోవరాజు ఒక్క ఊపున కేబులు లాగి బురదలోకి విసిరేశాడు. ఆ తరువాత కొత్తది దూర్చాడు. మొదటి మలుపు దాటింది. రెండో మలుపు దగ్గర ఆగిపోయింది. తిప్పాడు, తోశాడు, గ్రీజు రాశాడు. రాయికి గుద్దుకున్నట్టు అక్కడే నిలిచిపోతోంది.

తొమ్మిదైంది. తడిగోనెలు కప్పిన పాలక్యాన్లు రేవులో వరసగా చేరాయి. అందరికన్నా ముందొచ్చిన అప్పాయమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, "తొందరేం లేదు నాయనా. తోడేసుకొస్తాను, అవతలికి పెరుగే తీసుకెళ్దువుగాని" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. లోవరాజుకు నవ్వు రాలేదు. అప్పాయమ్మకు ఉన్నది ఒక్కటే గేదె.

"రెండోదే అడ్డం. దీన్నీ పీకేస్తే చోటొస్తుంది" అని గొణుక్కుంటూ మిగిలిన పాత కేబులు మీద చెయ్యి వేశాడు. ఎందుకో ఒడ్డు వైపు చూశాడు. గవరయ్య లేచి నిలబడి ఉన్నాడు. చెయ్యి సగం పైకెత్తాడు గానీ నోరు మాత్రం విప్పలేదు.

లోవరాజు చెయ్యి ఆగింది. "ఏంటి మావయ్యా?"

"ఏం లేదురా. కాల్చుకోమన్నావుగా, కాల్చుకుంటున్నాను."

"నీ చుట్ట ఎప్పుడో ఆరిపోయింది. కాస్త చెప్పు మావయ్యా."

గవరయ్య పడవెక్కాడు. "ఆ గొట్టంలో దారి తెలిసింది అదొక్కటే మిగిలింది. ఇరుక్కున్న కొత్తదాన్ని బయటికి తీసి, ఈ పాతదాని కొసకి కట్టు. పక్కనే ఓ సన్నతాడు కూడా కట్టు. ముడి లావవకుండా గుడ్డ చుట్టు. నువ్వు ఇంజను కాడ నుంచి మెల్లిగా లాగు, నేనిటు నుంచి అందిస్తా. పాతది బయటికొస్తూ కొత్తదాన్ని తెచ్చుకుంటుంది. ఆ తాడు రెండోదాన్ని తెస్తుంది."

"ఇది పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"మొదలైతే పెట్టాను" అన్నాడు గవరయ్య.

వణికే చేతులతోనే ఆయన కేబులు అంగుళం అంగుళం అందించాడు. రెండు మలుపులూ దాటి అది నీళ్లలో పాములా జారివచ్చింది. తాడుతో రెండోదీ వచ్చింది. కొసలు బిగించి పడవను అవతలి ఒడ్డుకు చేర్చేసరికి పది కావస్తోంది.

పాలకేంద్రంలో క్యాన్లన్నీ తీసుకున్నారు, ఒక్కటి తప్ప. అందరికన్నా ముందొచ్చి ఎండలో నిలిచిన అప్పాయమ్మ పాలు విరిగిపోయాయి. ఆ క్యాను వెనక్కి మోసుకొస్తూ లోవరాజు తలెత్తలేకపోయాడు.

"పిన్నీ, తప్పు నాది. రేపటి నుంచి వారం రోజులు మా గేదె పాలు నీ క్యానులోనే పోస్తాను" అన్నాడు.

"పొయ్యక చస్తావా, పూచీ పడ్డావుగా" అంది అప్పాయమ్మ. కానీ సాయంత్రానికి ఆ విరిగిన పాలతో కోవా చేసి, రెండు ఆకుల్లో పెట్టి మేనమామకీ మేనల్లుడికీ పంపింది. లోవరాజు తన ఆకులోది కూడా సగం గవరయ్యకే పెట్టాడు.

కొత్తదానికి బలం ఎంతైనా ఉండవచ్చు, దారి తెలిసింది పాతదానికే. కాబట్టి పాతదాన్ని విసిరేసేముందు కొత్తదాని కొసను దానికి కట్టుకోవాలి, పెద్దవాళ్లు మొదలుపెట్టిన మాటను పూర్తి చెయ్యనివ్వాలి.