మోదుగ పొద దగ్గర పరీక్ష

ఇప్పలకోన అనే అడవిలో జింకలు, కుందేళ్లు, ఏదుపందులు, కొండముచ్చులు కలిసి బతికేవి. ఆ అడవికి రాజు ఒక ముసలి ఏనుగు. మంత్రి ఒక నక్క. పిల్లలకు చదువు చెప్పే మాస్టారు కొండముచ్చు కోటప్ప. పొలుసమ్మ అనే అలుగు కూడా అక్కడే ఉండేది. ఒంటి నిండా పొలుసులు, కాళ్లకు పొడుగాటి గోళ్లు. ఆమె చదువుల పండితురాలు. బడిలో పిల్లలకు ఏం వస్తోంది, ఏం రావడం లేదు అని తవ్వి తవ్వి చూడటమే ఆమె పని.

ఆ బడిలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఒకటుంది. ఎండాకాలంలో వేటగాళ్లు వచ్చి దారుల్లో ఉచ్చులు పన్నేవారు. ఉచ్చును కనిపెట్టి తప్పించుకోవడం ప్రతి పిల్లకూ రావాలి. రాని పిల్ల మళ్లీ ఇంటికి రాదు.

ఒక ఏడు నక్క మంత్రి కొత్త పద్ధతి పెట్టాడు. పదిహేను రోజులకోసారి పరీక్ష. మోదుగ పొద దగ్గర తీగతో ఉచ్చు పన్ని ఆకులు కప్పుతారు. పిల్లలు ఒక్కొక్కరే ఆ దారిన నడవాలి, తప్పించుకున్న తీరును బట్టి ర్యాంకులు. అందరూ నెగ్గితే అడవిలో అందరూ ఉప్పునేలకు వెళ్లి ఉప్పు నాకవచ్చు. ఒక్కరు తప్పినా ఆ పదిహేను రోజులూ ఎవరికీ ఉప్పు లేదు. పరీక్ష ఎప్పుడూ మోదుగ పొద దగ్గరే జరిగేది. రాజుగారికి దూరపు చూపు ఆనదు. ఆయన కూర్చునే మద్దిచెట్టు నీడలోంచి ఆ పొద ఒక్కటే సరిగ్గా కనిపిస్తుంది.

మొదటి పరీక్షలో ముప్పై మందిలో పన్నెండు మంది తప్పారు. రెండోసారి ఐదుగురు. మూడోసారి ఒక్కరూ తప్పలేదు. నాలుగోసారీ అంతే. రాజు తొండం ఊపి మురిసిపోయాడు. నక్క మీసం దువ్వుకున్నాడు.

పొలుసమ్మకు మాత్రం ఆ సంబరం గొంతు దిగలేదు. ఇంత కొద్ది రోజుల్లో ఇంత తెలివి ఎక్కడి నుంచి ఊడిపడింది? చెట్టుకు కాసిందా? ఇందులో ఏదో తిరకాసు ఉందనుకుంది. అయిదో పరీక్ష రోజు పొద్దున్నే వచ్చి, ఓ పుట్ట చాటున కూర్చుని పిల్లల్ని లెక్కపెట్టింది. ఇరవై రెండు మందే ఉన్నారు. మిగతా ఎనిమిది మంది ఏరని అడిగితే జ్వరమన్నారు. కిందటిసారీ జ్వరమేనట. పరీక్ష రోజు వచ్చి మర్నాటికి పోయే జ్వరం గురించి ఆమె ఎన్నడూ వినలేదు.

వాసన పట్టుకుని వెళ్తే రెల్లు దుబ్బుల వెనక ఆ ఎనిమిది మందీ దొరికారు. ఇక్కడేం చేస్తున్నారర్రా అని అడిగితే, ఓ ఏదుపంది పిల్ల తల వంచుకుని చెప్పింది.

"మాకు రాదుగా. మావల్ల అందరికీ ఉప్పు పోతుందని మాస్టారు ఇక్కడ కూర్చోమన్నారు."

పొలుసమ్మకు మనసు చివుక్కుమంది. అయినా అనుమానం ఇంకా తీరలేదు. నెగ్గినవాళ్లకైనా నిజంగా వచ్చిందా?

మర్నాడు ఆటల వేళ నెగ్గిన పిల్లలను అదే దారిన నడిపించింది. ఆ రోజు పొద దగ్గర ఉచ్చు లేదు. అయినా మొదటి ర్యాంకు లేడిపిల్ల పొద దాకా వచ్చి, మూడడుగులు వేసి, ఎగిరి దూకింది. దాని వెనక అందరూ అక్కడే దూకారు. ఒక్కరూ కిందికి చూడలేదు. అప్పుడు పొలుసమ్మ ఇంకాస్త అవతల, రేగుచెట్టు కింద తీగ ఉచ్చు వదులుగా పన్ని ఒక్కొక్కరినే రమ్మని పిలిచింది. ఇరవై రెండు మందీ ఒకరి తర్వాత ఒకరు వచ్చి అందులో కాలు పెట్టారు. పైన పటారం, లోన లొటారం.

ఆమె నేరుగా కోటప్పను నిలదీసింది. కోటప్ప దబాయించలేదు, తల దించుకున్నాడు.

"ఉప్పు లేక తల్లులు నీరసించిపోతున్నారు పొలుసమ్మా. ఒక్క పిల్ల తప్పితే అందరి కళ్లూ నా మీదే. నన్ను చదువు చెప్పమంటారా, ఉప్పు తెమ్మంటారా?"

పొలుసమ్మ రాజు దగ్గరికి వెళ్లింది. పరీక్షల సంగతి కాస్త చూడాలి ప్రభూ అని అందో లేదో, తానెవరినీ పిల్లల్ని దాచమనలేదని నక్క గబగబా అందుకున్నాడు. దాచిన మాట ఆమె ఇంకా ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. రాజు అది పట్టించుకోలేదు. పొలుసమ్మ చూసిందంతా చెప్పినా, పిల్లలు దూకడం తన కళ్లతో చూశానన్నాడు. పండితురాలికి ఉడుకుమోత్తనమని నక్క నవ్వాడు. ఇకమీదట బడిలో అడుగు పెట్టవద్దని ఆమెకు ఆజ్ఞ అయింది.

బడికి పోవద్దన్నారు గానీ రెల్లు దుబ్బులకు పోవద్దనలేదు కదా. పొలుసమ్మ రోజూ ఆ ఎనిమిది మందినీ రోజుకో దారిన నడిపించింది. నలిగిన గడ్డి ఎలా ఉంటుందో, పచ్చిక మీద ఎండుటాకులు ఎందుకు అనుమానించాలో, మనిషి చెయ్యి తగిలిన పుల్ల ఏ వాసన వేస్తుందో నేర్పింది. ఆ చదువుకు ర్యాంకులూ లేవు, ఉప్పూ లేదు.

ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున నక్క మంత్రి నెగ్గిన పిల్లలను వెంటబెట్టుకుని ఉప్పునేలకు ఊరేగింపుగా బయలుదేరాడు. తల్లులు, మాస్టారు వెనక నడిచారు. దారిలో పొలుసమ్మ ఆ ఎనిమిది మందితో అడ్డం నిలబడింది. ఇక్కడ మనిషి వాసన వస్తోందనీ, ముందు వీళ్లను నడవనివ్వమనీ బతిమాలింది.

"తప్పినవాళ్ల వెనక మొదటి ర్యాంకులు నడవాలా?" అన్నాడు నక్క.

ఆమెను తోసుకుని పది అడుగులు వేశాడో లేదో, ఇనుప తీగ కాలికి బిగిసింది. పిల్లలు బెదిరిపోయారు. బెదిరినవాళ్లు నేర్చుకున్నదే చేస్తారు. మూడడుగులు వేసి ఎగిరి దూకబోయారు. ముందున్న లేడిపిల్ల దూకి, సరిగ్గా ఇంకో ఉచ్చులో పడింది.

"ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి. కాలు కదపకండి" అంది పొలుసమ్మ.

దూరంగా వేటకుక్కలు మొరుగుతున్నాయి. ఆ ఎనిమిది మందీ ముక్కులు నేలకు ఆనించి ముందుకు వచ్చారు. ఏదుపంది పిల్ల ఒక్కటే నాలుగు ఉచ్చులు కనిపెట్టింది. ఒక్కొక్కరినీ అడుగు వెనక అడుగు వేయించి అందరినీ బయటికి తెచ్చారు. పొలుసమ్మ గోళ్లతో ఉచ్చుల గూటాలు తవ్వి పెకిలించింది. కోటప్ప వేళ్లతో లేడిపిల్ల కాలికి బిగిసిన తీగ వదులు చేశాడు. కుక్కలు చేరేలోపు నక్కనూ విడిపించి అందరూ అడవిలోకి తప్పుకున్నారు. నక్కకు ప్రాణం దక్కింది గానీ ఆ కాలు పనికి రాకుండా పోయింది. పదవీ పోయింది.

సంగతి తెలిసి రాజు సిగ్గుపడ్డాడు. ఉప్పు అందరిదీ అన్నాడు. పరీక్ష ఎక్కడ, ఎప్పుడు పెట్టాలో పొలుసమ్మకే వదిలేశాడు.

ఆ సాయంత్రం తల్లి లేడి పిల్ల కాలు నాకుతూ కోటప్పను అడిగింది. "మాస్టారూ, మా పిల్లది మొదటి ర్యాంకు కదా. మరి ఎందుకు పడింది?"

కోటప్ప మర్నాడు పిల్లలందరినీ తీసుకుని రెల్లు దుబ్బుల దగ్గరికి వచ్చాడు. పొలుసమ్మ పాఠం మొదలుపెట్టబోతుంటే తానూ వెళ్లి ఏదుపంది పిల్ల పక్కన కూర్చున్నాడు.

"నాకూ మొదటి నుంచి చెప్పండి" అన్నాడు.

నీతి: పరీక్ష గట్టెక్కడం మాత్రమే నేర్పితే చదువు రాదు, చదువు నేర్పితే ఏ పరీక్షనైనా గట్టెక్కవచ్చు.