వాక్కాయ పొదకి చిల్లికుండ నీళ్ళు

మీ తాతల తాతలకి పాలపళ్ళు కూడా రాని రోజుల్లో ఒక రాజు ఉండేవాడు. పేరు కీర్తిసేనుడు. ఆయన రాణి మాలావతి. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. ఊఁ కొడుతూ వినండి, ఊఁ ఆగిందో నా కథా ఆగుతుంది.

రాణిగారికి నగల మీద మోజు లేదు. కోట వెనకాల పెరట్లో వాక్కాయ పొదలు పెంచేది. దాసీలు బోలెడుమంది ఉన్నా నీళ్ళు మాత్రం తన చేత్తోనే పోసేది. గబగబా కుమ్మరించేది కాదు. పొద చుట్టూ పాదు తీసి, నేల తాగుతున్నకొద్దీ చెంబుతో పోసేది. ఎండలు ముదిరితే, అడుగున సన్నటి చిల్లి పెట్టిన కుండని ప్రతి పొద పక్కనా మెడదాకా పాతి, నీళ్ళు నింపేది. రోజంతా బొట్టు బొట్టుగా వేళ్ళకి తడి అందేది. ఆ చెమ్మలో చీమలు బతికేవి, తాబేలు పడుకునేది, గోరింకలు వచ్చి ముక్కు తడుపుకునేవి. చిన్నకొడుకు వసంతుడు తల్లి కొంగు పట్టుకుని ఇదంతా చూస్తూ పెరిగాడు. పెద్దవాళ్ళిద్దరూ ఎప్పుడూ కత్తిసాములో ఉండేవాళ్ళు. వాక్కాయ పచ్చడి వడ్డించేటప్పుడు మాత్రం ముందు వాళ్ళే వచ్చి కూర్చునేవాళ్ళు.

ఇదిలా ఉండగా, ఏడు సముద్రాల అవతల ఉప్పుదీవిలో క్షారముఖుడని ఒక మాంత్రికుడు. వాడు ముట్టుకుంటే చాలు, మంచినీళ్ళు ఉప్పునీళ్ళైపోతాయి. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలక వాక్కాయలు తప్ప ఇంకేమీ తినదు. దీవి మొత్తానికి ఒక్కటే వాక్కాయ పొద, అదేమో వాడు పోసే ఉప్పునీళ్ళకి ఎండిపోతోంది. పొద పోతే చిలక పోతుంది, చిలక పోతే తను పోతాడు. వాడికి భయం పట్టుకుంది. ఒకనాటి ఉదయం పెరట్లోకి దిగి, నీళ్ళు పోస్తున్న రాణిని ఎత్తుకుపోయాడు. చెంబు అక్కడే దొర్లిపోయింది.

"ఈ పొదని బతికించు" అన్నాడు దీవిలో దింపి.

"నన్ను మా ఇంటికి పంపుతానను, బతికిస్తాను" అంది రాణి.

వాడు పంపుతాననలేదు. ఆవిడా వంగలేదు. ఆ కోపంలో ఆవిణ్ణి రాయిని చేసి, దీవిలో ఉన్న ఒక్కగానొక్క కుండని నేలకేసి కొట్టాడు. కుండ అడుగున చిల్లి పడింది. బుద్ధున్నవాడు చేసే పనేనా?

రాణిని వెతకడానికి పెద్దకొడుకు ఓడెక్కి వెళ్ళాడు. రాలేదు. రెండోవాడు వెళ్ళాడు. రాలేదు. ఇక వసంతుడు పెరట్లో తండ్రి ముందు నిలబడ్డాడు.

"నువ్వు కూడా పోతే నాకెవరున్నార్రా?" అన్నాడు రాజు.

"అమ్మ లేకుండా నేనుండలేను నాన్నగారూ. కానీ నేను వెళితే మొక్కలకి నీళ్ళెవరు పోస్తారన్నదే బెంగ."

"దాసీలు లేరూ?"

"అమ్మ ఎవరికీ అప్పగించలేదు. మీరు పొయ్యండి."

"నేనా? సింహాసనం దిగొచ్చి చెంబు పట్టుకోనా?"

రాజు పెరట్లో దొర్లిపడి ఉన్న చెంబుని చాలాసేపు చూశాడు. తర్వాత వంగి తీసుకున్నాడు.

వసంతుడు గడప దాటాడో లేదో, గోరింక వచ్చి భుజం మీద వాలింది. "మీ అమ్మ పోసిన నీళ్ళు తాగినదాన్ని. మాంత్రికుడు ఎటు పోయాడో నేను చూశాను, దారి చూపిస్తాను" అంది. చీమ వచ్చి కాలెక్కింది. "మీ అమ్మ పోసిన నీళ్ళ చెమ్మలో పుట్టినదాన్ని. నన్ను తలపాగాలో పెట్టుకో" అంది. చివరికి తాబేలు వచ్చింది, అది ఎప్పుడూ చివరే కదా. "మీ అమ్మ పోసిన నీళ్ళలో ఎండాకాలాలన్నీ గడిపాను. సముద్రంలో మా తాత ఉన్నాడు. నా పేరు చెప్పు, మోస్తాడు" అంది. ఆ తాత తాబేలు చిన్న కొండంత ఉంది. వసంతుణ్ణి వీపునెక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

దీవిలో మూడు రాళ్ళున్నాయి. రెండు రాళ్ళకి కత్తులున్నాయి. మూడో రాయి వంగి నీళ్ళు పోస్తున్నట్టుంది. వసంతుడు దాన్ని పట్టుకుని భోరుమని ఏడ్చాడు.

మాంత్రికుడు నవ్వుతూ వచ్చాడు. "ఇదిగో కుండ. బావి అల్లక్కడుంది. పొద్దు వాలేలోగా ఈ పొదని బతికిస్తే మీ అమ్మని ఇస్తాను. లేదంటే మీ అన్నల పక్కన నువ్వూ నిలబడు" అని వెళ్ళిపోయాడు.

అన్నలు ఏం చేశారో చెప్పనా? పెద్దవాడు నింపిన కుండతో పరిగెత్తాడు, పొద దగ్గరికొచ్చేసరికి కుండ ఖాళీ. రెండోవాడు చిల్లికి మట్టి పెట్టాడు, మట్టి కరిగి సగం దారిలో ఊడిపోయింది. వసంతుడు కుండని తిరగేసి చిల్లి చూశాడు. అతని మొహం విప్పారింది. "ఇది మా అమ్మ కుండే" అన్నాడు.

కుండ పాతాలంటే నేల రాయిలా ఉంది. తలపాగాలోని చీమ దిగి తన వాళ్ళని పిలిచింది. దీవిలోని చీమలన్నీ వచ్చి గొయ్యి తవ్విపెట్టాయి. వసంతుడు పొద పక్కనే కుండ పాతాడు. తన ఉత్తరీయం బావిలో ముంచి, పరిగెత్తుకొచ్చి, కుండలో పిండాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ పిండాడు. అరిచేతులు బొబ్బలెక్కినా ఆగలేదు. కుండ నిండింది. బొట్టు బొట్టుగా నీళ్ళు వేళ్ళకి అందాయి. పొద చిగురేసింది, పూసింది, పొద్దు వాలేసరికి ఎర్రటి కాయలు కాసింది. చిలక కడుపునిండా తింది.

మాంత్రికుడు వచ్చి చూశాడు. "బాగుంది. ఇక రోజూ నువ్వే పొయ్యాలి. మీ అమ్మా లేదు, గిమ్మా లేదు" అంటూ మంత్రదండం ఎత్తాడు.

అప్పుడు చిలక మాట్లాడింది. "అబ్బాయీ, వీడి ప్రాణం గింజై నా గొంతులో ఇరుక్కుంది. ఇన్నాళ్ళూ ఎండు కాయలే తిని గొంతెండి, కక్కలేకపోయాను. ఇవాళ నీ దయవల్ల రసమున్న కాయ తిన్నాను." అంటూనే గింజని పాదులో ఉమ్మేసింది. గింజ తడిలో పడి మొలకెత్తింది. మాంత్రికుడు చిన్నవాడై, ఇంకా చిన్నవాడై, జానెడు వాక్కాయ ముళ్ళమొక్కగా నిలిచిపోయాడు. వాడి మాయ వీడి, చిలక ఏమో చక్కని రాకుమారి అయింది. పేరు మధులత.

వసంతుడు కుండలో మిగిలిన నీళ్ళు మూడు రాళ్ళ మీదా చల్లాడు. రాణి కళ్ళు తెరిచి, "మొక్కలకి నీళ్ళెవరు పోస్తున్నార్రా?" అంది. మొదటి మాటే అది. వసంతుడు ఆవిడ కాళ్ళ మీద పడ్డాడు. "అమ్మా, నీ చేతుల్ని చూస్తూ పెరిగాను కాబట్టే బతికాను" అన్నాడు. అన్నలు తలొంచుకుని తమ్ముడి బొబ్బల చేతుల్ని కళ్ళకద్దుకున్నారు.

రాణి చూపు ముళ్ళమొక్క మీద పడింది. అదెవరో చెప్పారు. ఆవిడ వంగి, దాని మొదట్లో కూడా దోసెడు నీళ్ళు పోసింది. "నిన్నటి సంగతి నిన్నటిది. ఇవాళ ఇది మొక్కే కదా" అంది. దాన్ని మట్టితో సహా ఇంటికి తెచ్చుకుంది కూడా. వాక్కాయకి అన్ని ముళ్ళూ అంత పులుపూ ఎక్కడివంటే, మా అమ్మమ్మ ఇదే చెప్పేది.

అందరూ తాత తాబేలు వీపెక్కి ఇంటికొచ్చి చూస్తే కొలువులో రాజు లేడు. పెరట్లో ఉన్నాడు. కిరీటం కొమ్మకి తగిలించి, పంచె ఎగ్గట్టి, మోకాళ్ళదాకా బురదతో చెంబు పట్టుకుని ఉన్నాడు. ఒక్క పొద కూడా ఎండలేదు.

"గబగబా పోస్తే పారిపోతున్నాయి మాలా. నిదానంగా పోస్తేనే తాగుతున్నాయి" అన్నాడు. "రోజూ నువ్వింత చేస్తున్నావని నాకు తెలీదు. ఎన్నడూ ఒక మంచిమాటైనా అనలేదు."

రాణి ఇంకో చెంబు తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి పోశారు.

వసంతుడికీ మధులతకీ పెళ్ళైంది. పెళ్ళిభోజనంలో వాక్కాయ పచ్చడి వడ్డించారు. గోరింకకీ చీమకీ తాబేలుకీ ముందు పెట్టాకే మిగతావాళ్ళకి పెట్టారు. వసంతుడు రాజై చాలాకాలం ఏలాడు. రోజూ కొలువుకి వెళ్ళేముందు పెరట్లోకి వెళ్ళొచ్చేవాడు.

కథ ఇంతే. ఇక లేవండి. మన పెరట్లో పొద కూడా పొద్దున్నుంచీ చూస్తోంది. తలో చెంబూ పట్టుకెళ్ళండి. కుమ్మరించకండి, నిదానంగా పొయ్యండి.