ఆఖరు నీళ్ళు తాగిన నక్క

చుక్కల కూనా, చుక్కల కూనా, ఎందాక పోతివే
మడుగు కాడికి పోతినమ్మా, నీళ్ళు తాగను పోతినే...

ఆ తర్వాత ఏముందో నాకు గుర్తు రావడం లేదు. నాట్లు వేస్తూ మా అమ్మ పాడేది. కూన ఇల్లు చేరిందో లేదో పాటలో ఉండే ఉంటుంది. నాకు తెలిసింది మాత్రం ఈ కథ.

ఒక కొండ మీద గుహలో ఎలుగుబంటి తాత అడవి పిల్లలకి వైద్యం చేసేవాడు. ఆయన దగ్గర ఒక ముంగిస పిల్ల పని నేర్చుకుంటూ ఉండేది. ఆ ఎండాకాలం పిల్లలు విరేచనాలతో రావడం మొదలైంది. ముంగిస ఆకు నూరి పసరు పోసేది. పిల్లలు లేచి ఇళ్ళకి పోయేవి. కొన్నాళ్ళకి మళ్ళీ అవే పిల్లలు, అదే జబ్బు.

లేడమ్మ కూన మళ్ళీ వచ్చిన రోజు తాత దాని కళ్ళు చూసి, ఇంకోసారి వస్తే పసరు కూడా పనిచెయ్యదని చెప్పాడు. ముంగిసకి ఇక కాలు నిలవలేదు. గుహంతా తిరిగింది. నూరిన ఆకే మళ్ళీ నూరింది. చివరికి, "తాతా, కిందికి పోయి వీళ్ళు బతికే చోటు చూసొస్తా" అంది. తాత సరేనన్నాడు.

కింద మడుగు ఎండకి సగమైంది. అక్కడొక ఆనవాయితీ ఉంది. ముందు దున్నలు దిగి, తాగి, అందులోనే పొర్లి లేవాలి. ఆ తర్వాత పందులు. తల్లులూ పిల్లలూ అందరి తర్వాత. వాళ్ళ వంతు వచ్చేసరికి నీళ్ళు పేడతో, బురదతో చిక్కగా అయిపోయేవి. ఈ వరస తప్పకుండా కాపలా కాసేది నక్క. నీరసించి మంద వెనక పడిపోయిన కూనలు ఎవరి నోట పడుతున్నాయో ఎవరూ అడగలేదు.

ముంగిస రాయెక్కి, మీరే పిల్లల ప్రాణాలు తీస్తున్నారని పెద్దలందరినీ కడిగేసింది. దున్నలకి రోషం వచ్చింది. "నిన్నగాక మొన్న కళ్ళు తెరిచావు. మాకు నీళ్ళు తాగడం నేర్పుతావా?" అని పెద్ద దున్న ముఖం తిప్పుకుంది. అందరూ లేచి పోయారు.

ముంగిస తోక ఈడ్చుకుంటూ వస్తుంటే లేడమ్మ ఎదురైంది. "అందరికీ చెప్పావు గానీ తల్లీ, మమ్మల్ని ఒక్క మాట అడిగావా?" అంది. ఆ సాయంత్రమంతా ముంగిస తల్లుల మధ్యే తిరిగింది. ఏ కూనకి ఎలా జబ్బు చేసిందో, ఏది ఇంటికి రాకుండా పోయిందో విన్నది. గేదెలు కూడా తమ దూడల గురించి చెప్పుకుని కళ్ళు ఒత్తుకున్నాయి.

మర్నాడు తల్లులందరితో కలిసి మడుగు దగ్గరికి వచ్చింది. ఈసారి ఎవరినీ ఏమీ అనలేదు. పెద్ద దున్నకి దండం పెట్టి పక్కన నిలబడింది. పిల్లల్ని ముందు తాగనివ్వమని తల్లులే అడిగారు. ఒక్కొక్కరూ తమ పిల్లల సంగతి చెప్పుకున్నారు. పెద్ద దున్న మనవడి మాట కూడా అందులో వచ్చింది. దున్న చెవులు వాలిపోయాయి.

కూనలు నీరసించకపోతే ఇక తన నోటికి అందవని నక్క కంగారుపడింది. గబగబా ముందుకొచ్చి గొంతు సవరించుకుంది.

"పెద్దల మర్యాద ఏం కావాలి? ఆఖరు నీళ్ళకేం, మొదటి నీళ్ళంత తియ్యగా ఉంటాయి."

"నువ్వెప్పుడైనా తాగావా మామా?" అంది ముంగిస.

"రోజూ తాగుతా."

"అయితే మా భయం తీర్చు. ఈ పూట పిల్లల్ని ఆపుతాం. వాళ్ళ వంతులో మా కళ్ళెదుట నువ్వు తాగు. నీకేం కాకపోతే నేను కొండెక్కిపోతా, మళ్ళీ నోరెత్తను."

నిజానికి నక్క రోజూ తాగేది పైనున్న బండల సందులో ఊరే చెలమ నీళ్ళు. చుట్టూ చూసింది. అందరి కళ్ళూ తన మీదే. దున్నలు పొర్లి లేచాయి, పందులు పొర్లి లేచాయి. నక్క కళ్ళు మూసుకుని తాగింది.

తెల్లారేసరికి పొట్ట పట్టుకుని కొండ పాక్కుంటూ ఎక్కింది. ముంగిస ఎగతాళి చెయ్యలేదు, పసరు నూరి పోసింది. ఆ నక్క మీద కూడా దానికి జాలి కలిగిందే అని నాకిప్పటికీ వింతగా ఉంటుంది. ఇక జన్మలో ఆ నీళ్ళు ముట్టనని నక్క మూలిగింది. జబ్బు చేసిన తన మనవణ్ణి తీసుకొచ్చిన పెద్ద దున్న గుహ వాకిట్లో నిలబడి ఆ మాట విన్నది.

ఆ రోజు నుంచి మడుగులో ముందు పిల్లలు తాగాయి, తర్వాతే పెద్దలు దిగారు. లేడికూన మంద ముందు గెంతుతూ నడిచింది. అలాంటి కూనని పట్టడం నక్క వల్ల కాలేదు.

పసరు పోసి పంపితే సగం పనే అయినట్టు, తల్లులతో కలిసి జబ్బు పుట్టిన చోటికి నడిస్తేనే మిగతా సగం.

పని నేర్చుకోవడం అయ్యాక ముంగిస వేరే కొండకి బయల్దేరింది. అడవి అంచుదాకా సాగనంపి లేడమ్మ అంది, "మళ్ళీ రా తల్లీ. ఆకులేం తేకు. ఊరికే వచ్చి మాతో కూర్చో."