వాగుకి నోరొచ్చిన రోజు

ఒకప్పుడు వాగులకి నోరుండేది కాదు. రాళ్ళన్నీ కొండల మీదే ఉండేవి. వాగు అడుగున మెత్తటి ఇసుక తప్ప ఇంకేం ఉండేది కాదు. అందుకని నీళ్ళు నూనె ఒంపినట్టు చప్పుడు లేకుండా జారిపోయేవి.

పొదల చాటున వాగుందని తెలియక నక్కలు పరుగెత్తుకొచ్చి అందులో పడేవి. లేచి ఒళ్ళు దులుపుకుని, "ఉన్నానని ఒక్క మాట చెప్పొచ్చుగా!" అని తిట్టేవి. వాగు ఏమంటుంది? నోరు లేదుగా!

అలాంటి ఒక వాగు పక్క ఊళ్ళో పైడమ్మ ఉండేది. దొరగారి గాదెలకి వడ్లు దంచడం ఆమె పని. పెద్ద పాక, అందులో ఇరవై రోళ్ళు, రోటికో ఆడమనిషి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా దబ్బు, దబ్బు, దబ్బు! వాళ్ళ మీద పెత్తనం జగ్గప్పది. చప్పుడు కాస్త తగ్గితే చాలు, "ఏమర్రా, చేతులు పడిపోయాయా?" అని అరిచేవాడు.

చేతుల నొప్పి పైడమ్మకి అలవాటైపోయింది. తలలో మోత మాత్రం అలవాటు కాలేదు. ఇంటికెళ్ళినా దబ్బు దబ్బు. ముద్ద నోట్లో పెట్టుకున్నా దబ్బు దబ్బు. కళ్ళు మూసుకున్నా అదే.

ఒకరోజు పొద్దున్నే ఆమె కూతురు బంగారి పాడుకుంటూ గుమ్మంలో గెంతుతోంది.

"నోరు ముయ్యవే!" అని కసిరింది పైడమ్మ.

పిల్ల బిక్కచచ్చిపోయి మూలకి నక్కింది. పైడమ్మ గడప దగ్గర ఆగింది. 'పిల్ల పాడుకుంటే కూడా కసురుతున్నానే! ఏమొచ్చింది నాకు?' అనుకుంటూ పనికి వెళ్ళింది.

మధ్యాహ్నం గంజి తాగాక అందరూ మళ్ళీ రోకళ్ళు పట్టుకున్నారు. పైడమ్మ పట్టుకోలేదు. తిన్నగా వాగు దగ్గరికి నడిచి, గట్టున కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టింది.

కొమ్మ మీద లకుముకి పిట్ట మెడ వంచి చూసింది. "ఏం పైడమ్మా! బిందె లేదు, బట్టల మూట లేదు. ఏం చెయ్యడానికొచ్చావు?"

"ఏమీ చెయ్యడానికి రాలేదు."

"ఏమీ చెయ్యకుండా ఇక్కడికి ఎవరూ రారే!"

"నేనొచ్చాను. నీకేమైనా కష్టమా?"

పిట్ట తోక ఆడించి పక్క కొమ్మ మీదికి ఎగిరింది.

చల్లదనం పాదాల నుంచి మెల్లగా పైకి పాకింది. చిన్న చేపలు వచ్చి కాలివేళ్ళు కొరికి చూశాయి. పైడమ్మకి చక్కిలిగింత పుట్టింది. వాగుతో ఏవేవో చెప్పుకుంది. జగ్గప్ప అరుపులు చెప్పింది, బంగారిని కసిరిన సంగతి చెప్పింది. వాగు అంతా విన్నది. గాలి చెమట ఆర్చింది. కాసేపటికి పైడమ్మ ఉలిక్కిపడింది. తలలో మోత లేదు! ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

ఆ సాయంత్రం ఆమె కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "పొద్దుటి పాట పాడవే తల్లీ, వింటాను" అంది.

మర్నాడు పక్క రోటి నీలమ్మ అడిగింది. "నీ మొహం తేటగా ఉందేమే?"

"నాతో రా, చెప్తాను" అంది పైడమ్మ.

మొదట ఇద్దరు వెళ్ళారు. తర్వాత ఏడుగురు. నాలుగు రోజులయ్యేసరికి మధ్యాహ్నం పాకలో ఒక్క రోకలి లేవలేదు. జగ్గప్ప మండిపడుతూ వాగు దగ్గరికి వచ్చాడు.

"వాగు దగ్గర మీకేం పని?"

పైడమ్మ కాళ్ళు నీళ్ళలోంచి తియ్యలేదు. "ఏ పనీ లేదయ్యా. అందుకే వస్తున్నాం. కాసేపు కూర్చుని మళ్ళీ వచ్చి దంచుతాం. రావొద్దంటే మాత్రం వినం."

"వినరా? వాగే లేకపోతే ఎక్కడ కూర్చుంటారో నేనూ చూస్తాను!"

జగ్గప్ప పాతికమందిని కొండెక్కించాడు. వాళ్ళు గడ్డపారలతో పెళ్ళగించి రాళ్ళని కిందికి దొర్లించారు. ధన్! ధన్! రాయి మీద రాయి పడి వాగు ఆగిపోయింది. కింద ఇసుక తేలింది. చేపలు నోళ్ళు తెరుచుకుని గిలగిల్లాడాయి.

ఆడవాళ్ళు ఆ చేపల్ని ఒడుల్లో పట్టి, రాళ్ళకి అవతల మడుగులో వదిలారు. పైడమ్మ రాళ్ళ ముందు నిలబడింది.

"మీకిది న్యాయమా?" అని అడిగింది.

"మమ్మల్ని తోశారమ్మా," అన్నాయి రాళ్ళు బిక్కమొహం వేసుకుని. "మా అంతట మేం రాలేదు."

పైడమ్మ వాగు వైపు తిరిగింది. "విన్నావా? వాటి తప్పు లేదు. ఇక నీ సంగతేంటి? వాడు ఆగమంటే ఆగుతావా? మేం ఆగలేదు!"

వాగు ఉబ్బింది. ఒళ్ళు కూడగట్టుకుంది. ఈ సందులో దూరింది, ఆ రాయిని ఢీకొట్టింది, పైకి ఎగిరింది.

"గల్!"

ఆ చప్పుడుకి వాగే అదిరిపడింది. అది తన గొంతే! మళ్ళీ ఎగిరింది. "గలగలా! ఆగను! గలగలా! ఆగనంటే ఆగను!"

"ఇంకా వెయ్యండి రాళ్ళు!" అని కేకపెట్టాడు జగ్గప్ప.

ఇంకో రాయి పడింది. వాగు ఇంకా గట్టిగా అరిచింది. పది పడితే పదింతలు అరిచింది. జగ్గప్ప ఏదో అంటున్నాడు గానీ, పక్కనున్నవాళ్ళకే వినిపించలేదు. పాతికమందీ గడ్డపారలు కింద పడేసి, కొండ దిగొచ్చి, ఒంటి చెమట తుడుచుకుని, నీళ్ళలో కాళ్ళు పెట్టుకు కూర్చున్నారు!

జగ్గప్ప కాళ్ళీడ్చుకుంటూ పాకకి వెళ్ళి, పంతం కొద్దీ తనే రోకలి పట్టాడు. ఇరవై పోట్లు వేసేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. వాగు చప్పుడు అక్కడికీ వినిపిస్తోంది. రోకలి విసిరేసి, అప్పుడే పాకకి తిరిగొచ్చిన ఆడవాళ్ళతో, "రోజూ కాసేపు వెళ్ళి కూర్చోండి, పొండి!" అన్నాడు.

"మేం నిన్ను అడగలేదుగా" అంది పైడమ్మ.

ఈ సంగతి లకుముకి పిట్ట ఊరూరా చెప్పింది. మిగతా వాగులన్నీ, "మాకూ నాలుగు రాళ్ళు పంపండి!" అని కొండల్ని అడిగాయి. ఈసారి ఎవరూ తొయ్యకుండానే రాళ్ళు దొర్లుకుంటూ దిగొచ్చాయి.

అప్పటినుంచే వాగులు గలగలమంటున్నాయి. రాయి అడ్డొచ్చిన చోటల్లా గొంతు పెంచుతున్నాయి. అప్పటినుంచే తల వేడెక్కినవాళ్ళు వాగు గట్టున కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంటున్నారు. లెమ్మని ఎవరెంత పిలిచినా, ఆ గలగలల్లో వాళ్ళకి వినిపించదు.