చినుకు కడుపులో ఉప్పు నలుసు

ఒకప్పుడు వానంటే ఎవరికీ తెలీదు. ఆకాశం నిండా ఆవిరి ఉండేది, చినుకు మాత్రం లేదు. నేలలో ఊరే నీళ్లే అందరికీ దిక్కు.

సముద్రం ఒడ్డున ఉప్పుమడులు చేసుకునే సన్యాసమ్మకు ఇసకలో తవ్వుకున్న ఒక చెలమ ఉండేది. ఆ ఏడు అందులో కుండెడు నీళ్లు ఊరడానికి పూట పట్టింది. తర్వాత ముంతెడు కూడా ఊరలేదు. ఇంటిల్లిపాదీ ఒడ్డు వదిలి పోదామని మూటలు కట్టారు. సన్యాసమ్మ మాత్రం కదల్లేదు.

"ఏటే ఆవిరీ! నెత్తి మీద అన్ని నీళ్లు మోసుకుని తిరుగుతున్నావు. ఒక్క బొట్టు రాల్చలేవేటి?" అని పైకి చూసి అరిచింది.

"రాల్చాలనే ఉందప్పా. బొట్టు కట్టీ కట్టకముందే విడిపోతంది. పట్టుకోడానికి నాకేదీ లేదు," అంది ఆవిరి.

సన్యాసమ్మ ఆలోచించింది. ఉక్కపోసిన రోజున ఇంట్లో ఉప్పుకుండ చెమ్మగిల్లుతుంది. ఎవరూ నీళ్లు పొయ్యరు, అయినా తడుస్తుంది. నీళ్లంటే ఉప్పుకి అంత ఆశ.

ఆ ఏడాది పండిన ఉప్పంతా గట్టు మీద రాశి పోసి ఉంది. అందులో సగం తిరగలిలో వేసి పిండిలా విసిరింది.

"గాలి తమ్ముడూ, ఇది ఆవిరికిచ్చి రా," అంది.

గాలి అంతా ఎత్తుకుపోయాడు. నలుసు నలుసుకీ ఇంత నీరు చేరింది. ఆకాశం తెల్లబడింది. జనం కుండలు పట్టుకుని బయటికొచ్చారు. మెడలు నొప్పెట్టాయి గానీ ఒక్క చుక్కా పడలేదు.

"ఏటయింది తమ్ముడూ?"

"నలుసులు ఎక్కువైపోనాయప్పా. ఉన్న నీళ్లు అందరూ పంచేసుకున్నారు. ఒక్కడికీ కిందకి దిగేంత బరువు రాలేదు."

సన్యాసమ్మ నాలిక్కరుచుకుంది. ఈసారి ఒక్క దోసెడే తీసుకుంది. పిండి చెయ్యలేదు, కాస్త రవ్వగా విసిరి ఇచ్చింది.

ఆ రవ్వ నలుసులు ఆబగా నీళ్లు తాగి లావెక్కాయి. దారిలో తగిలిన బుల్లి బొట్లను మింగేశాయి. ఇక మోయలేక దబదబా కిందికి దిగాయి.

వాన! చెలమ నిండింది. మూటలు విప్పారు. సన్యాసమ్మ దోసిలి పట్టి కడుపునిండా తాగింది. తాగి, గట్టు వైపు తిరిగింది.

మిగిలిన రాశి కరిగి సముద్రంలోకి పారుతోంది. దాని మీద ఏదైనా కప్పాలని ఎవరికి తెలుసు? వానే తెలీదాయె. ఏడాది కష్టం కళ్లముందే పోతుంటే సన్యాసమ్మ ఆ వానలోనే నిలబడి ఏడ్చింది.

గాలి బిక్కమొహం వేశాడు. "అప్పా, మరి రేపటికి ఉప్పెవరిస్తారు?"

"నా దగ్గరేటుంది? మింగినోడినే అడుగు!" అని సముద్రం వైపు చెయ్యి చూపించింది.

గాలి వెళ్లి అడిగాడు. సముద్రుడు ఇవ్వనన్నాడు. గాలికి ఒళ్లు మండింది.

అప్పటినుంచే గాలి సముద్రాన్ని వదలడు. అలల్ని నురగ కక్కేదాకా కొడతాడు, తుంపర ఎగరేస్తాడు, తుంపర ఆరాక మిగిలిన ఉప్పు నలుసుల్ని మేఘాలకి మోస్తాడు. ఆ నలుసు చుట్టూనే నీరు చేరి చినుకవుతుంది. మరీ చిన్నది కాబట్టి మన నాలుక్కి ఉప్పగా తగలదు.

మబ్బు కనబడితే చాలు, ఉప్పు పండించేవాళ్లు తింటున్న అన్నం వదిలేసి రాశి మీద తాటాకులు కప్పడానికి పరుగెత్తేదీ అప్పటినుంచే.